దిండి హౌస్‌బోట్‌లో చంటిపిల్లతో రెండు రాత్రులు ఉండొచ్చా?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మేం హైదరాబాద్‌లో ఉంటాం. మా వారిది పాలకొల్లు. బాబుకి ఐదేళ్ళు, పాపకి రెండు నిండాయి. ఇంగ్లండులో ఉంటున్న మా అన్నయ్య వాళ్ళు మొన్న సెలవుల్లో పిల్లలతో వారం రోజులు కాలువ పడవలో తిరిగొచ్చారు. పడవ వాళ్ళే నడుపుకున్నారు, కాలువ మీది లాకుల తలుపులు వాళ్ళే తీసుకున్నారు, వంటా పడకా అందులోనే. ఆ ఫొటోలు చూసినప్పటి నుంచి మనకీ కాలువలున్నాయి కదా అనిపిస్తోంది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కోనసీమలోని దిండిలో హౌస్‌బోట్ రెండు రాత్రులకి బుక్ చేద్దామనుకున్నాం. అత్తయ్యగారు ససేమిరా అంటున్నారు. "నీళ్ళతో ఆటలేంటమ్మా! వెళ్ళి తీరాలంటే చంటిదాని నడుముకి తాడు కట్టి స్తంభానికి ముడెయ్యండి" అంటారు. ఆవిడ మామగారు ఒకప్పుడు ధాన్యం పడవ నడిపేవారట. అలాంటి ఇంట్లో ఇంత భయమేమిటో నాకు అర్థం కావడం లేదు. ఆవిడ మాట తీసెయ్యలేను, పిల్లలకి గోదావరి చూపించకుండా ఉండలేను. ఏం చేయమంటారు?
— ఒక పాలకొల్లు కోడలు

సమాధానం:

అమ్మా,

ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. రెండు రాత్రులు వద్దు. పగటిపూట మూడు నాలుగు గంటలు హౌస్‌బోట్‌లో హాయిగా తిరగండి. రాత్రికి గట్టు మీదే పడుకోండి. తాడు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టకండి. అత్తయ్యగారి భయం నిజమైనదే. ఆవిడ చెప్పిన ఉపాయంతోనే నాకు పేచీ.

మీ అన్నయ్యగారి ఫొటోల సంగతికి వస్తాను. ఇంగ్లండు కాలువ వేరు, మనం చూపించబోయే నీళ్ళు వేరు. అక్కడి కాలువలు బొగ్గూ సరుకులూ మోయడానికి తవ్వినవి. నీళ్ళు దాదాపు కదలవు. పడవ ఏడడుగుల వెడల్పు ఉంటుంది, మహా అయితే గంటకి నాలుగు మైళ్ళు నడుస్తుంది, అంటే మనం గట్టు మీద చురుగ్గా నడిచినంత వేగం. లాకుల దగ్గర తప్ప చాలాచోట్ల పెద్దవాళ్ళు నీళ్ళలో నిలబడితే తల పైనే ఉంటుంది. అక్కడా పిల్లలకి ప్రమాదం లేదని కాదు. కానీ పిల్ల పడితే తండ్రి దిగి ఎత్తుకోగల నీళ్ళవి.

మన డెల్టా కాలువలు పొలాలకి నీళ్ళు పారించేవి. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర, వీటిలో పడవలు కూడా నడిచేలా లాకులు పెట్టించారు. ఒకప్పుడు కాకినాడలో ఎక్కిన సరుకు కాలువల మీదుగానే మద్రాసు దాకా చేరేది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువల్ని, గోదావరి కృష్ణల్లో కొంత భాగాన్ని కలిపి జాతీయ జలమార్గం–4 అని ప్రకటించారు కూడా. కానీ ఇంటిల్లిపాదీ ఎక్కి తామే నడుపుకుంటూ లాకు మీద లాకు దాటుకుంటూ పోయే పడవలు మన కాలువల్లో అద్దెకి దొరకవు. ఆ ఆశ వదులుకోండి.

ఇంకో మాట. సంక్రాంతి నాటికి దాళ్వా, అంటే రెండో పంట వరి నాట్లు జోరుగా ఉంటాయి, కాలువలు నిండుగా పారుతుంటాయి. పైకి చూస్తే నిద్రపోతున్నట్టే ఉంటుంది కాలువ. నేను కాలువ గట్టు మీద పుట్టి పెరిగిన దాన్ని, ఎండబెట్టిన ఆనపకాయ బుర్రలు నడుముకి కట్టుకుని ఈత నేర్చుకున్నదాన్ని. తూముల దగ్గరికీ లాకుల దగ్గరికీ వెళితే మా నాన్న బెత్తం తీసేవారు. అక్కడ నీళ్ళు అడుగు నుంచి లాగుతాయి. బాగా ఈతొచ్చిన మనుషులు కూడా అక్కడ తేలలేరు.

ఇక దిండి హౌస్‌బోట్లు తిరిగేది కాలువలో కాదు, వసిష్ఠ గోదావరిలో. చించినాడ వంతెన మీద నుంచి చూస్తే దాని వెడల్పు ఎంతో తెలుస్తుంది. అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే పాయ కాబట్టి పోటూ పాటూ ఇక్కడిదాకా తెలుస్తాయి. పోటుకి నీళ్ళు రేవు మెట్ల మీదికి లేస్తాయి, పాటుకి బురద కనిపించేదాకా దిగిపోతాయి. ఈ సంగతి మీకెందుకంటారా? పొద్దున్న ఎక్కినప్పుడు రేవుకి సమంగా ఉన్న పడవ, సాయంత్రం దిగేటప్పుడు కిందికి ఉంటుంది. మధ్యలో వేసే బల్ల ఏటవాలు అవుతుంది. నా కడుపు తరుక్కుపోయిన సంఘటన అక్కడే జరిగింది.

మా అబ్బాయికి అప్పుడు మూడేళ్ళు. ఒక రేవులో పడవ ఎక్కుతున్నాం. నా కుడిచేతిలో సంచి, ఎడమచేతిలో వాడి చెయ్యి. లైఫ్ జాకెట్లు పడవలో ఉన్నాయి, ఎక్కాక వేసుకుందురుగాని అన్నారు, నేనూ సరే అన్నాను. బల్ల మీద సగం దూరం వెళ్ళాక మెట్టుకి అంటుకున్న ఎర్రపీత ఒకటి వాడి కంటపడింది. వాడు ఆగాడు, నేను ఆగలేదు. చెమట చేతిలోంచి వాడి వేళ్ళు జారిపోయాయి. వెనక్కి తిరిగేసరికి బల్లకీ పడవ అంచుకీ మధ్య సందులో నడుము దాకా దిగిపోయి ఉన్నాడు. పడవ నడిపే సరంగు ఒక్క అంగలో వచ్చి చొక్కా కాలరు పట్టుకుని పైకి లాగాడు. ఆకుపచ్చ చెప్పు ఒకటి పడవ కిందికి కొట్టుకుపోయింది. ఇదంతా రెప్పపాటులో అయిపోయింది. వాడు కేక వెయ్యలేదు, ఏడవలేదు, "అమ్మా" అని కూడా అనలేదు. నేను వెనక్కి తిరిగి ఉండకపోతే నాకు తెలిసేది కాదు. ఆ ఆకుపచ్చ చెప్పు రెండోది ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

అందుకని అమ్మా, మొదటి షరతు ఇది. జాకెట్లు కారు దిగకముందే వేసెయ్యండి. రేవు, మెట్లు, బల్ల, ఈ మూడూ పడవకంటే ప్రమాదం. బల్ల మీద పిల్లల్ని నడిపించకండి. సంచులన్నీ ముందు ఎవరికైనా ఇచ్చి పంపించి, ఒట్టి చేతులతో ఒక్కొక్కరినే ఎత్తుకుని దాటించండి. దిగేటప్పుడూ అంతే. దిగేటప్పుడు పెద్దవాళ్ళు అలసిపోయి ఉంటారు, పిల్లలు నిద్రకి సాగుతూ ఉంటారు, కాబట్టి ఎక్కేటప్పటి కంటే అప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి.

జాకెట్ గురించి వివరంగా చెప్పాలి. పడవల్లో ఇచ్చేవి ఎక్కువగా పెద్దవాళ్ళవి. రెండేళ్ళ పిల్లకి అది వేస్తే నీళ్ళలో పడగానే జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారిపోతుంది. పిల్లల జాకెట్‌కి వయసు కాదు, బరువు చూసుకోవాలి, దాని మీద రాసి ఉంటుంది. చంటిపిల్లది అయితే మెడ వెనక దిండులాంటి కాలరుండాలి, ముఖాన్ని నీటిపైన నిలబెట్టేది అదే. రెండు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా ఉండాలి. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పిల్లని కొంచెం పైకి లేపి చూడండి. జాకెట్ చెవుల దాకా జరిగితే అది మీ పిల్లది కాదు. హైదరాబాద్‌లోనే కొని, ఇంట్లో రెండు రోజులు వేసి ఆడుకోనివ్వండి. కొత్త వస్తువుని పడవ దగ్గర మొదటిసారి వేస్తే పాప గుక్కపట్టి ఏడుస్తుంది, మీరు జాలిపడి విప్పేస్తారు. చేతులకి తొడిగే గాలి బుడగలు, నడుముకి వేసే ట్యూబులు ఆట వస్తువులు, వాటిని నమ్మకండి. మీరూ మీ వారూ కూడా జాకెట్ వేసుకోండి. పిల్ల పడితే మీరు ఆలోచించకుండా దూకుతారు కదా.

అత్తయ్యగారి తాడు గురించి. గట్టుకి కట్టేసిన పడవలో పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి, పాకే పిల్ల నడుముకి చీర కొంగు ముడేసేదని మా అమ్మమ్మ కూడా చెప్పేది. ఆ రోజుల్లో ఆ తల్లికి ఇంకో దారి లేదు. కానీ నడిచే పడవ ఒరిగితే, తాడు కట్టిన పిల్ల పడవతోపాటే వెళ్ళిపోతుంది. తాడు మెడకి చుట్టుకోవచ్చు కూడా. వీటన్నిటికంటే నాకు భయమేసేది, తాడుంది కదా అని అందరూ చూపు తిప్పుకోవడం.

చూపు అన్నాను కాబట్టి చెబుతున్నాను, ఈ ఉత్తరం మొత్తంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకునేట్టయితే ఇది గుర్తుపెట్టుకోండి. నీళ్ళలో మునిగే పిల్లలు అరవరు. సినిమాల్లోలా చేతులు ఊపరు. నోరు నీటి మట్టం దగ్గరుంటే ఊపిరి తీసుకోవడానికే టైమ్ చాలదు, ఇక కేకెక్కడిది? ఒక నిమిషంలోపే మునిగిపోతారు. సంక్రాంతికి మీరు నలుగురే వెళ్ళరు. ఆడపడుచు వాళ్ళు, మరుదులు, వాళ్ళ పిల్లలు, పది పన్నెండు మంది అవుతారు. పదిమందిలో పాము చావదంటారు, పిల్లల కాపలా సరిగ్గా అలాంటిదే. బాబాయ్ చూస్తున్నాడనుకుని అత్త ఊరుకుంటుంది, అత్త చూస్తోందనుకుని బాబాయ్ సెల్ఫీ తీసుకుంటాడు.

మా ఇంట్లో ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక్కో చిన్నపిల్లకి ఒక్కో పెద్ద. పేరు పెట్టి చెప్పుకోవాలి: "పాపని నువ్వు చూడు." అవతలివాళ్ళు నోటితో అనాలి: "నేను చూస్తున్నాను." ఆ మాట వినేదాకా మొదటివాళ్ళు వదలకూడదు. చూసేవాళ్ళ చేతిలో ఫోన్ ఉండకూడదు, ఒళ్ళో ప్లేటు ఉండకూడదు, పిల్ల చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉండాలి. అరగంటకొకసారి మనిషి మారాలి, అంతకుమించి ఎవరి చూపూ నిలవదు. మొదట అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి. ఐదేళ్ళ పెద్దాడికి చెల్లెల్ని అప్పగించకండి. వాడూ పిల్లాడే.

పడవలో అడుగుపెట్టగానే రెయిలింగ్ దగ్గరికెళ్ళి ఊచల మధ్య మీ పిడికిలి పెట్టి చూడండి. పిడికిలి సులువుగా దూరితే పాప కూడా దూరుతుంది. అలాంటిచోట నైలాన్ వల ఒకటి కట్టమని ముందే అడగండి, లేదంటే మీరే తీసుకెళ్ళండి. దోమతెర గుడ్డ చాలదు, చిరుగుతుంది. రెయిలింగ్ పక్కన కుర్చీ, స్టూలు, ట్రంకుపెట్టె లాంటివేవీ ఉంచనివ్వకండి. ఎక్కడానికి దొరికితే చాలు, ఐదేళ్ళవాడు ఎక్కి తీరతాడు.

రాత్రి ఎందుకు వద్దన్నానంటే, రాత్రి ఈ కాపలా సాగదు. కొత్త చోట పిల్లలు మధ్యరాత్రి లేస్తారు. మీరు ఒళ్ళు తెలియని నిద్రలో ఉంటారు. పాప మంచం దిగి తలుపు తోసుకుని వెళితే నాలుగడుగుల్లో గోదావరి. పాలకొల్లులో సొంత ఇల్లుంది, వంతెన దాటితే వచ్చేస్తారు. అది ఉండగా ఈ టెన్షన్ ఎందుకు? బాబుకి ఏడెనిమిదేళ్ళు వచ్చి, ఈత నేర్చుకుని, పాప చెప్పిన మాట వినే వయసొచ్చాక రెండు రాత్రులు కాదు, మూడు రాత్రులు ఉండండి.

వెళ్ళేముందు మీరూ మీ వారూ ఒక పూట కూర్చుని సీపీఆర్, అంటే ఊపిరి ఆగినవాళ్ళకి నోటితో ఊది, ఛాతీ నొక్కి చేసే ప్రథమచికిత్స నేర్చుకోండి. మన ఊళ్ళలో నీళ్ళలోంచి తీసిన పిల్లని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పుతారు, పొట్ట నొక్కి నీళ్ళు కక్కిస్తారు. ఎవరు చేయబోయినా ఆపండి. ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి. రెండోవాళ్ళు పిల్లని చదునుగా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ లేచేలా ఐదుసార్లు ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కాలి, రెండుసార్లు ఊదాలి, మళ్ళీ నొక్కాలి. ఇలా సాయం వచ్చేదాకా ఆపకూడదు. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళి తీరాలి. ఇది చదివితే వచ్చే విద్య కాదు, బొమ్మ మీద చేసి చూడాలి.

తిండి సంగతి తొందరగా చెప్పేస్తాను. తాగే నీళ్ళు ఇంటి నుంచి కాచి తీసుకెళ్ళండి. పిల్లలకి ముల్లు తక్కువ ఉండే కొర్రమేను గానీ చందువా గానీ వండమనండి, ఆ ముక్కా మీరు వేళ్ళతో చిదిమి చూశాకే పెట్టండి. డబ్బాలో పెరుగన్నం ఎప్పుడూ ఉండాలి. సందె వేళకి ముందే దిగిపోండి, దోమల గొడవ సగం తీరుతుంది. బోదకాలు వస్తుందేమోనని భయపడకండి, అది నెలల తరబడి కుట్టించుకుంటే వచ్చేది. డెంగీకి మాత్రం ఒక్క కాటు చాలు, దాని దోమ పగలే కుడుతుంది, కాబట్టి పొద్దున్నించీ నిండు చేతుల చొక్కాలు వేయండి.

రోజు ఎంచుకోవడం ముఖ్యం. భోగి, పండగ, కనుమ మూడు రోజులూ వద్దు. ఆ మూడు రోజులూ కోనసీమ రోడ్లు కోడిపందేల జనంతో నిండిపోతాయి, పడవల్లో పాటల హోరు, తాగినవాళ్ళ సందడి. ముక్కనుమ దాటాక రెండు రోజులు సెలవు పొడిగించుకోండి. అదే గోదావరి, ప్రశాంతంగా ఉంటుంది. పొద్దున్నే పొగమంచు ఉంటే విడిపోయేదాకా ఆగండి, పదింటికి ఎక్కితే బాగుంటుంది. ఇంకెప్పుడైనా రావాలనుకుంటే జులై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం పిల్లలతో గోదావరి ఎక్కకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది వరద నీళ్ళలోనే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు, కానీ పిల్లలున్నవాళ్ళు ఆ అంకె దాకా ఎదురుచూడక్కర్లేదు. నీళ్ళు ఎర్రబడ్డాయంటే చాలు. వేసవిలో వస్తే కాలువలు కట్టేసి ఉంటాయి, మరమ్మతుల కోసం. బురద తప్ప చూపించడానికేమీ ఉండదు.

ఇంతా చెప్పి కాలువ లేకుండా పంపిస్తే మీకు లోటుగానే ఉంటుంది. కాలువని గట్టు మీద నుంచి చూపించండి. ఒక రోజు దానికే కేటాయించండి. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులకి వెళ్ళండి, దారిలో పూతరేకులు చుట్టడం కూడా పిల్లలకి చూపించవచ్చు. పి.గన్నవరం దగ్గర అక్విడెక్టు ఉంది. కింద వైనతేయ నది, దాని మీద వంతెన, ఆ వంతెన మీద పారే కాలువ. "నది మీద కాలువ వెళుతోంది" అంటే మీ అబ్బాయి మొదట నమ్మడు, చూపించాక ఇంటికొచ్చేదాకా అదే మాట్లాడతాడు. కాలువ రోడ్లలో కారు ఆపినప్పుడు నీళ్ళవైపు తలుపులకి చైల్డ్ లాక్ వేసి ఉంచండి, పిల్లల్ని రెండోవైపు నుంచే దించండి.

లాకు ఎలా పనిచేస్తుందో బయల్దేరేముందే బాత్రూమ్‌లో చూపించవచ్చు. బకెట్లో రెండంగుళాల నీళ్ళు పోసి కాగితం పడవ వదిలి, కుళాయి తిప్పండి. నీళ్ళతోపాటు పడవ పైకి లేస్తుంది. లాకు అంటే ముందూ వెనకా తలుపులున్న పెద్ద బకెట్. పడవ లోపలికొచ్చాక వెనక తలుపు మూసి, ఎగువ నుంచి నీళ్ళు వదిలితే పడవ మెట్టెక్కినట్టు పైకి లేస్తుంది, అప్పుడు ముందు తలుపు తీస్తారు. అయిపోగానే బకెట్ ఖాళీ చేసెయ్యండి, రెండేళ్ళ పాప ఉన్న ఇంట్లో నీళ్ళ బకెట్ కూడా ప్రమాదమే.

పడవకి ముందు ఒక చిన్న పరీక్ష కూడా పెట్టుకోవచ్చు. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లి వైపుకి పంటు మీద, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే బల్లపరుపు పడవ మీద దాటండి, జాకెట్లు వేసి, పిల్లల్ని చంకనెత్తుకుని. కొద్ది నిమిషాల ప్రయాణం. పాప భయపడుతుందా, బాబు చెప్పిన మాట వింటున్నాడా అన్నది అక్కడే తెలిసిపోతుంది. వినకపోతే హౌస్‌బోట్ వచ్చే ఏటికి వాయిదా వేయండి, దానికి చిన్నబుచ్చుకోకండి.

ఇక అత్తయ్యగారు. పడవ నడిపిన ఇంట్లో ఇంత భయమేమిటి అని అడిగారు. పడవ నడిపిన ఇంట్లో కాబట్టే ఉంటుందమ్మా. నీటి మీద బతికినవాళ్ళకి నీళ్ళు ఏం చేస్తాయో తెలుసు. మా కాలువ వెంట పాతకాలపు ఏ ఇంట్లో అడిగినా ఏదో ఒక పిల్ల పేరు చెప్పి కాసేపు మాట్లాడకుండా ఉండిపోతారు. ఆవిడ మనసులో కూడా అలాంటి పేరేదైనా ఉందేమో. వాదించకండి. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, "అత్తయ్యా, తాతగారు పడవ ఎలా నడిపేవారు?" అని అడగండి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కాకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం, ఇవన్నీ ఆవిడ విని ఉంటారు. మీ అబ్బాయిని పక్కనే కూర్చోబెట్టండి.

తర్వాత జాకెట్ చూపించండి. పాపకి వేసి, భుజాలు పట్టుకుని ఆవిడనే లేపి చూడమనండి. రెండు రాత్రులు కాదు, ఒక్క పూటేనని చెప్పండి. ఆవిడకి కూడా ఒక జాకెట్ తెప్పించండి. పడవలో ముందువరసలో, నీడ ఉన్నచోట ఆవిడకి కుర్చీ వేయించండి. రాననే అంటారు మొదట. రేవు దాకా రమ్మనండి చాలు.